రెండు పడవల మీద ఒక సీమ

అరటి బోదెలు, తాటి దోనెలు, జోడు నావలు, నీలి డ్రమ్ములు... వంతెన లేని చోట కోనసీమ మనిషి చేతికి దొరికినదాన్నే పడవ చేసుకున్నాడు. ఆ చేతిపని చరిత్ర ఇది.

సఖినేటిపల్లి రేవులో పంటు ఒడ్డుకి తగిలీ తగలకముందే మోటారు సైకిళ్ళ వాళ్ళు స్టార్ట్ చేసుకుని సిద్ధంగా ఉంటారు. వాళ్ళు దిగిపోయాక ఇటునుంచి ఎక్కడం మొదలవుతుంది. కారు ముందు చక్రాలు పంటు మీదికి వచ్చేటప్పుడు రేవు మనిషి ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఊపుతూ ‘రావాలండి... రావాలండి... ఇంకొంచెం... ఆయ్, చాలండి!’ అంటాడు. ఆ ‘చాలండి’ ఎక్కడ పలకాలో అతనికి బాగా తెలుసు. కారు ఒక్క అడుగు ఎక్కువ జరిగితే ఆ పక్క నీళ్ళలోకి దిగుతుంది. దానికి సరితూగేలా ఇవతల నాలుగు మోటారు సైకిళ్ళు నిలబెట్టాలి. కాగితం మీద లెక్కేమీ ఉండదు. అరికాలి కింద బల్ల ఒరిగిన తీరుని బట్టే తూకం చూసుకుంటాడు. సముద్రం దగ్గరే కాబట్టి పోటు ఉన్నప్పుడు పంటు ఒడ్డుకి సమంగా వస్తుంది, పాటు వేళ కిందికి దిగిపోతుంది. అప్పుడు బళ్ళు ఎక్కించడం ఇంకో రకం పని.

అవతల ఒడ్డున నరసాపురం. మధ్యలో వశిష్ఠ. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావచ్చు. అయినా ఇప్పటికీ అంతర్వేది తీర్థానికి వెళ్ళేవాళ్ళూ, నరసాపురం ఆసుపత్రులకీ కాలేజీలకీ బజారుకీ వెళ్ళేవాళ్ళూ ఈ పంటు మీదే దాటుతున్నారు. ఈ వ్యాసం పంటు గురించే. ఇంకా చెప్పాలంటే పంటుకి తల్లీ తండ్రీ అయిన ఒక పాత ఆలోచన గురించి. ఒక సన్నటి పడవ ఒరిగిపోతుంది. అలాంటివి రెండు పక్కపక్కన పెట్టి, మధ్య ఎడం వదిలి, మీద బల్లలు బిగిస్తే ఒరగవు. ఎద్దుల బండినీ మోస్తాయి, పెళ్ళివారినీ మోస్తాయి. ఇంగ్లీషు వాళ్ళు దీన్ని పాంటూన్ పడవ అంటారు. మన దగ్గర దీనికి ఏ కంపెనీ పేరూ లేదు, ఏ పేటెంటూ లేదు. ఊరి వడ్రంగి, పడవ నడిపే పల్లెకారు, లంక రైతు కలిసి ఇంటి దగ్గర చేసుకున్న వస్తువు ఇది.

నీళ్ళ మధ్య ఊళ్ళు

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోయి కోనసీమను మళ్ళీ రెండు చేస్తుంది. అమలాపురం ఒక దీవిలో, రాజోలు ఇంకో దీవిలో పడ్డాయి. కొత్తపేట గౌతమీ వశిష్ఠల మధ్య పైభాగంలో ఉంది. ఇవి కాక ఏటి కడుపులో లంకలు. కోనసీమలో అడ్డంగా తిరగడానికి చాలా ఏళ్ళ దాకా వంతెనలు రాలేదు. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన 2002లో వచ్చింది. అదే ఏడాది మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో కన్నుమూసిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు దానికి పెట్టారు. బోడసకుర్రు – పాశర్లపూడి, దిండి – చించినాడ వంతెనలు రాకముందు అమలాపురం నుంచి రాజోలు, రాజోలు నుంచి పాలకొల్లు వెళ్ళేవాళ్ళు మధ్యలో రేవు దాటేవాళ్ళు. కోటిపల్లి – ముక్తేశ్వరం రేవు సంగతి ఇంకా కళ్ళ ముందే ఉంది. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వచ్చిన రైలు పట్టాలని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో, పీకేశారు. 2004లో మళ్ళీ వేశారు. ఇన్నేళ్ళలో పట్టాలు వచ్చాయి, పోయాయి, తిరిగి వచ్చాయి గానీ రేవులో పడవ మాత్రం ఆగలేదు.

ఇలాంటి చోట పడవ సరదా వస్తువు కాదు. ఎడ్లబండి ఎంత అవసరమో పడవ అంత అవసరం. మరి ప్రతి రైతూ టేకు పడవ చేయించుకోగలడా? లేడు. అందుకే పెరట్లో ఏముందో చూసుకున్నాడు. పెరట్లో తాడిచెట్టు ఉంది, అరటిచెట్టు ఉంది, కొబ్బరి పీచు ఉంది.

తాటి దోనె

ముదురు తాడిచెట్టు మానుని నిలువునా చీల్చితే బయట ఇనుము లాంటి చేవ, లోపల మెత్తటి దూట కనిపిస్తాయి. ఆ దూటని చెక్కి తీసేస్తే చేతికి వచ్చేదే దోనె. పొలాల్లో నీళ్ళు తోడుకోవడానికి ఎలాగూ ఈ దోనెలే వాడేవాళ్ళు. మొదలు దగ్గర తాడి మాను ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి ఆ వైపు దానంతట అదే మూసుకుని ఉంటుంది. రెండో వైపు తెరుచుకుని ఉంటుంది. దాన్ని బంకమట్టితోనో చెక్క ముక్కతోనో మూసేస్తారు. అంతే, పడవ తయారు. కొల్లేటి ఊళ్ళలో కూడా ఈ తాటి దోనెలు తరతరాలుగా నడిచాయి.

కానీ దోనెకి ఒక చిక్కుంది. మాను ఎంత లావో పడవ అంతే వెడల్పు. కాస్త పక్కకి వాలితే తిరగబడుతుంది. మనిషి ఒక్కడే ఒంటి కాలి మీద ఉన్నట్టు జాగ్రత్తగా కూర్చుని వెళ్ళగలడు. గడ్డి మోపు ఎక్కించలేడు, దూడని ఎక్కించలేడు. రెండు దోనెలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి, అడ్డకర్రలు వేసి, పీచు తాళ్ళతో బిగించిన మనిషి పేరు ఎవరికీ తెలియదు. నా దృష్టిలో కోనసీమ చేసిన అతి పెద్ద ఇంజనీరింగ్ పని అదే. అడ్డకర్రల మీద బల్లలు పరిస్తే మంచమంత జాగా వచ్చింది. ఒక పక్క బరువు పడితే ఆ పక్క దోనె లోతుకి దిగుతుంది. దిగిన కొద్దీ నీరు దాన్ని పైకి నెడుతుంది. రెండో దోనె తన బరువుతో అటు లాగి పట్టుకుంటుంది. రెంటి మధ్య ఎడం ఎంత ఎక్కువైతే ఈ పట్టు అంత గట్టిగా ఉంటుంది.

ఈ జోడుకట్టు ఎంత పాతదో చెప్పే సాక్ష్యం ఒకటి విదేశీయుడి రాతలో దొరుకుతుంది. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ఈజిప్టు నుంచి వచ్చిపోయే ఒక గ్రీకు వర్తకుడు ‘ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్’ అనే గ్రంథం రాశాడు. అందులో మన తూర్పు తీరపు రేవుల గురించి చెబుతూ, ఒంటి మానులను జోడించి కట్టిన పెద్ద నావలు ఇక్కడ ఉన్నాయనీ వాటిని ‘సంగర’ అంటారనీ రాశాడు. తెలుగు నిఘంటువుల్లో ‘సంగడి’కి జోడు దోనెలు కట్టిన తెప్ప అనే అర్థం ఉంది. కేరళలో వాహనాలు దాటించే జోడు పడవని ఇప్పటికీ ‘జంకార్’ అంటారు. పెరిప్లస్ రాసిన మనిషి చూసినవి దక్షిణాన చోళ తీరపు రేవులు. అయితే అదే పుస్తకంలో మసాలియా పేరుతో మన మచిలీపట్నం ప్రాంతమూ, అక్కడి నేత బట్టలూ కనిపిస్తాయి. ఆ రోజుల్లో గోదావరి ముఖద్వారాలు నిర్మానుష్యమేమీ కాదు. మామిడికుదురు మండలంలో వైనతేయ తీరాన ఆదుర్రు బౌద్ధ స్తూపం నేటికీ ఉంది. ఒక స్తూపం, దాన్ని అంటిపెట్టుకుని భిక్షువులు, వర్తకులు, యాత్రికులు ఉన్నారంటే ఏరు దాటించే సాధనం ఉండే తీరాలి.

మద్రాసు ప్రభుత్వ మత్స్యశాఖ డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల నమూనాల పుట్టుక మీద ఒక పెద్ద వ్యాసం ప్రచురించాడు. మన తెప్పలనీ దోనెలనీ అంత శ్రద్ధగా చూసి రాసిన తొలి పరిశోధకుల్లో ఆయన ఒకడు. ఆ శ్రద్ధ మన విశ్వవిద్యాలయాలకి ఉండి ఉంటే ఈపాటికి తెలుగులో ఒక షెల్ఫు నిండా పుస్తకాలు ఉండేవి.

వరద రోజుల పడవ

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆనకట్ట దగ్గర 17.75 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పటికి సుమారు 17 లక్షల క్యూసెక్కులు కిందికి పోతుంటాయి. అంటే ఆ ఏడు వచ్చింది దానికి రెట్టింపు. 2022 జూలైలో మళ్ళీ 25 లక్షలు దాటింది. ఇలాంటి వరదకి లంకల్లో ముందు మునిగేది దారి. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే, అయినవిల్లి దగ్గర ఎదురుబిడెం కాజ్‌వే నీళ్ళ కిందికి వెళ్ళిపోతాయి. గంటి పెదపూడి వైపు పాయలో వేసిన మట్టి గట్టు తెగిపోతుంది. బయటి నుంచి పడవ ఎప్పుడు వస్తుందో తెలియదు. ఇంట్లో పశువులకి మేత కావాలి, పిల్లలకి పాలు కావాలి.

అప్పుడు లంక రైతు కత్తి పట్టుకుని అరటి తోటలోకి దిగుతాడు. గెల కోసేసిన చెట్టు ఎలాగూ నరికేదే. ఆకులు కొట్టేసి, మనిషి ఎత్తుకి ఇంకాస్త పొడుగుండేలా ఆరో ఎనిమిదో బోదెలు నరుకుతాడు. బోదెని అడ్డంగా కోసి చూస్తే దాని రహస్యం తెలుస్తుంది. డొప్ప మీద డొప్ప, ప్రతి డొప్పలో గదులు గదులుగా గాలి. అందుకే అంత లావు బోదె నీళ్ళ మీద అంత తేలిగ్గా తేలుతుంది. మొదలు లావు, చివర సన్నం కాబట్టి ఒకదాని మొదలు పక్కన రెండోదాని చివర వచ్చేలా తిరగేసి పేరుస్తాడు. వెదురు కర్రని ఏటవాలుగా చెక్కి మొన తీస్తాడు. దాన్ని ఈ కొస బోదె నుంచి ఆ కొస బోదె దాకా అడ్డంగా దిగ్గొడతాడు. ముందొకటి, నడుమ ఒకటి, వెనక ఒకటి. పచ్చి బోదెలోకి వెదురు మెత్తగా దిగుతుంది, ఆ తర్వాత బోదె దాన్ని బిగించి పట్టుకుంటుంది. పైన పీచు తాడు నాలుగు చుట్లు. తోట గట్టు మీద మొదలుపెట్టిన పని కాస్సేపట్లో అయిపోతుంది. పొడుగాటి గెడ ఒకటి తీసుకుని నీళ్ళలోకి తోసేస్తాడు.

ముసలివాళ్ళనో పురిటి మనిషినో దాటించాల్సి వస్తే పద్ధతి మారుతుంది. బోదెలను రెండు కట్టలుగా కట్టి, మధ్య ఎడం వదిలి, మీద నులక మంచం ఎక్కించి నాలుగు కోళ్ళనీ కట్టేస్తారు. మంచం మీది మనిషికి తడి తగలదు, తెప్ప ఒరగదు. తాటి దోనెల జోడుకట్టులో ఉన్న తెలివే ఇక్కడ అరటి బోదెలో మళ్ళీ పుట్టింది. ఏ బళ్ళోనూ నేర్పకుండా తరం నుంచి తరానికి వచ్చింది. ఈ తెప్పకి ఆయుష్షు కొద్ది రోజులే. బోదె నీరు పీల్చి బరువెక్కుతుంది, కుళ్ళుతుంది. వరద తీసేలోపు దాని పని కూడా తీరిపోతుంది. అందుకే దీని అవశేషం ఏ మ్యూజియంలోనూ దొరకదు.

నరసాపురం వడ్రంగులు

తోటలో చేసుకునే తెప్పకీ రేవులో తిరిగే పంటుకీ మధ్య వంతెన వేసింది వడ్రంగి. వశిష్ఠ అవతలి ఒడ్డున నరసాపురం, దాన్ని ఆనుకుని ఉన్న మాధవాయిపాలెం పదిహేడో శతాబ్దంలోనే ఓడల నిర్మాణానికి పేరు మోశాయి. ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టింది. ఆ ఊరి పేరుతో ‘మాదపోలం’ అనే నూలు బట్ట ఐరోపా దాకా వెళ్ళింది. 1669 నుంచి 1679 దాకా బంగాళాఖాతం చుట్టూ తిరిగిన ఇంగ్లీషు నావికుడు టామస్ బౌరీ నరసాపురంలో ఓడలు కట్టడాన్ని గురించి తన పుస్తకంలో రాశాడు, తీరంలో మానులు కట్టిన తెప్పలనీ వర్ణించాడు. గౌతమి వైపు కోరంగి, తాళ్ళరేవుల్లోనూ ఇదే విద్య. 1839 తుపాను కోరంగిని తుడిచిపెట్టింది గానీ పని తెలిసిన చేతులు మిగిలాయి. సముద్రంలోకి వెళ్ళే ఓడ కట్టగల వడ్రంగికి ఏటి నావ కట్టడం ఎంతసేపు? చెక్కకీ చెక్కకీ మధ్య సందుల్లో పీచు దట్టించి, గుగ్గిలం పూసి, నీరు ఊరకుండా చేసే పద్ధతి ఓడకైనా నావకైనా ఒకటే.

1847 నుంచి 1852 దాకా ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. ఆ వెంటనే కాలువలు వచ్చాయి. వైనతేయ మీద గన్నవరం అక్విడక్టు కట్టి కాలువ నీటిని ఏటి మీదుగా రాజోలు వైపుకి పంపారు. అది నిజంగా అబ్బురమైన కట్టడం. కాలువల్లో పడవలు పెరిగాయి. కలాసులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. ధాన్యం, కొబ్బరి, మనుషులు, అన్నీ వాటిలోనే. కాలువ పడవ మాత్రం పొడుగ్గా, సన్నగా ఉండాలి. లొల్ల లాకుల లాంటి చోట తలుపుల మధ్య పట్టాలి కదా! అందుకని జోడుకట్టు కాలువల్లోకి రాలేదు, ఏటి రేవుల్లోనే ఉండిపోయింది. రెండు పెద్ద నావలు, అడ్డంగా దూలాలు, మీద బల్లలు, ఒడ్డుకి ఆనించడానికి రెండు పలకలు. మోటారు బండ్లు వచ్చాక దూలాలు లావయ్యాయి, తర్వాత ఇనుప రేకులు వచ్చాయి, గెడ పోయి డీజిల్ ఇంజను వచ్చింది. రేవుని ఏటా వేలం వేసే పద్ధతి మాత్రం అలాగే ఉంది.

గన్నవరం పేరెత్తాక డొక్కా సీతమ్మ గారిని తలుచుకోకుండా ముందుకి పోలేం. 1841 నుంచి 1909 దాకా జీవించిన ఆ తల్లి, ఏరు దాటి ఏ వేళప్పుడు వచ్చినా ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టింది. పడవ అందక ఒడ్డున ఆగిపోయిన బాటసారులు ఆ రోజుల్లో ఎందరో. ఆ లంకల ఊళ్ళో అన్నదానానికి అంత అర్థం ఉండడానికి ఇదీ ఒక కారణం. ఇప్పటి కొత్త అక్విడక్టుకి ఆమె పేరే పెట్టారు.

అమెరికా పీపాలు, మన డ్రమ్ములు

ప్రపంచంలో పాంటూన్ పడవ చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా అమెరికాలోని మిన్నెసోటాతో మొదలుపెడతారు. 1950ల మొదట్లో ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు ఇనుప పీపాలను కొసలు కలిపి వెల్డింగు చేసి రెండు పొడుగాటి వరసలు తయారుచేశాడు. వాటి మీద చెక్క వేదిక బిగించి చెరువులోకి దింపాడు. అది ఒరగలేదు. ఆ తర్వాత కంపెనీ పెట్టి అలాంటివి అమ్మాడు. ఆయన తెలివిని తక్కువ చేయక్కర్లేదు. చేతిలో ఉన్న పీపాలతో ఇంటి దగ్గర పడవ చేసుకున్న రైతు మనకి బంధువు లాంటివాడే. కానీ ఆ కథకి మొదటి అధ్యాయం మిన్నెసోటాలో లేదు. పీపాల బదులు తాటి మానులు పెట్టుకుని చూడండి, అది మన సంగడి.

మన ఊళ్ళలోకీ డ్రమ్ములు వచ్చాయి. 200 లీటర్ల నీలి ప్లాస్టిక్ డ్రమ్ము, బిరడా గట్టిగా బిగిస్తే, తన బరువు పోగా సుమారు 190 కిలోలు మోస్తుంది. పక్కకి మూడేసి చొప్పున ఆరు కట్టి వెదురు చట్రం బిగిస్తే దగ్గర దగ్గర ఒక టన్నుకి పైన. అయితే పూర్తిగా మునిగేదాకా బరువు వేయకూడదు, సగం డ్రమ్ము నీటి పైన కనపడాలి. అంటే అర టన్ను దగ్గర ఆపాలి. రొయ్యల చెరువుల్లో మేత చల్లడానికి థర్మోకోల్ దిమ్మల మీద గోనె చుట్టి చేసుకున్న తెప్పలు చూస్తున్నాం. మూతులు మూసిన పీవీసీ గొట్టాలతో చేసినవీ ఉన్నాయి. ఉప్పలగుప్తం, అల్లవరం, కాట్రేనికోన వైపు చెరువు గట్ల మీద వెళితే కనిపిస్తాయి. అంతర్వేదిలో స్వామివారి తెప్పోత్సవానికి హంస వాహనాన్ని నీటి మీద నిలబెట్టేదీ ఇదే సూత్రం.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక పడవ ‘రాయల్ వశిష్ఠ’ మునిగిపోయినప్పుడు దాన్ని అంత లోతు నుంచి ఎలా తీయాలో ఎవరికీ అంతు పట్టలేదు. చివరికి కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్ళు, పంటు, పొక్లెయిన్‌తో పట్టుపట్టి అక్టోబరు 22న బయటికి లాగింది. ఏటి అడుగు ఎలా ఉంటుందో, సుడి ఎటు తిప్పుతుందో తెలిసిన స్థానికుల చేతుల్లోనే ఆ పని అయింది. ఆ జ్ఞానానికి అప్పుడు నెల రోజులు పత్రికల్లో చోటు దొరికింది, తర్వాత అందరూ మరిచిపోయారు.

మరవకూడని తేదీ ఇంకొకటి ఉంది. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర గౌతమిలో బడి నుంచి ఇంటికి వెళ్తున్న పిల్లలు ఎక్కిన నాటు పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. ఆడపిల్లలు ఏటి పాలయ్యారు. ఇంటి పడవ గొప్పతనం చెప్పుకునే ప్రతి చోటా ఈ దుఃఖం కూడా చెప్పుకోవాలి. ఒంటి పడవలో జనం ఒక పక్కకి జరిగితే అది నిలవదు. దోనె చెక్కిన పాతవాళ్ళకి తెలిసిన ఈ సంగతిని మనం గాలికి వదిలేశాం. వరద పోటులో పిల్లల్ని ఒంటి పడవ ఎక్కించడం, పరిమితి లెక్క లేకుండా ఎక్కించడం, లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కించడం నేరమే అని నేను గట్టిగా నమ్ముతాను.

సఖినేటిపల్లి – నరసాపురం వంతెన పూర్తికావాలి, లంకల కాజ్‌వేల స్థానంలో ఎత్తైన వంతెనలు రావాలి. అందులో రెండో మాట లేదు. అవి వచ్చేలోపు చేయాల్సిన పనులు మాత్రం రెండున్నాయి. లంకల నుంచి బడికి వచ్చే ప్రతి బిడ్డకీ జోడు పడవ, లైఫ్ జాకెట్ ఇవ్వాలి. ఇది జిల్లా యంత్రాంగం ఒక్క వరద సీజను ముందు తలుచుకుంటే అయ్యే పని. ఇక రెండోది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. ఆయన వాడిన పరికరాల పక్కన, ఊరివాళ్ళ చేత చెక్కించిన ఒక తాటి దోనెల సంగడిని పెట్టాలి. దోనె చెక్కడం, నావకి పీచు దట్టించడం వచ్చిన పెద్దవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. మీ ఊళ్ళో అలాంటివారు ఉంటే సెలవుల్లో వెళ్ళి కూర్చోండి, చెప్పింది రాసుకోండి, ఫోనులో వీడియో తీసి పెట్టండి.